టీచరమ్మ కిటికీలో ఎర్ర లైటు

పచ్చడి నూరే రాతి పొత్రం మీద గంగ వేలిముద్రలు దొరికాయి కాబట్టి నేరం గంగదేనని ఎస్సై స్వామి మొదటిరోజే తేల్చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం అరెస్టు చూపించాడు. శనివారం పన్నెండింటికి ఆమెను మేజిస్ట్రేటు దగ్గరికి బయల్దేరదీయాలని జీపు కూడా సిద్ధం చేసుకున్నాడు. డిటెక్టివ్ ఫల్గుణ తోటగుడలో మోటారు సైకిలు దిగేసరికి పది గంటల నలభై నిమిషాలయింది. చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. అతనికి అది చాలు. ఇంతకంటే తక్కువ టైములో ఇంతకంటే పెద్ద మొండివాళ్ల మెడలు వంచిన మనిషి అతను.

నాలుగేళ్ల కిందటి దాకా ఫల్గుణ పోలీసుల క్లూస్ టీములో పనిచేశాడు. స్వామికీ అతనికీ అప్పటినుంచీ పడదు. ఒకరు తేల్చింది ఇంకొకరు మళ్లీ తవ్వుతారు. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక తవ్వడం మరీ ఎక్కువైంది.

ఈసారి తవ్వడానికి సొంత కారణం కూడా ఉంది. దెబ్బ తిన్న మనిషి కృపావతి టీచరమ్మ. మిషన్ బడిలో ముప్పై అయిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరై, కేథలిక్ గుడి ఎదురుగా ఉన్న పెంకుటింట్లో ఒంటరిగా ఉంటోంది. ఫల్గుణకి పదమూడో ఎక్కం తొడపాశం పెట్టి నేర్పింది ఆవిడే. గురువారం ఉదయం ఏడూ నలభైకి ముందుగదిలో కుర్చీ పక్కన, తల వెనక దెబ్బతో పడి ఉంది. ఇప్పుడు విశాఖలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉంది. ఆవిడ ఇంట్లో పనిచేసే గంగ జీపులో ఉంది. ఫల్గుణని పిలిపించింది గంగ మొగుడు మంగ్లు.

జీపు టీచరమ్మ ఇంటి ముందే ఆగి ఉంది. జరిగింది జరిగినట్టు చేసి చూపించమని గంగని అక్కడికి తెచ్చారు. ఆమె చేతికి కట్టిన తాడు రెండో కొస కానిస్టేబుల్ పట్టుకుని ఉన్నాడు.

"గంగా, అడిగినదానికి అడిగినంతే చెప్పు. గురువారం ఎన్నింటికొచ్చావు?" అని అడిగాడు ఫల్గుణ.

"ఏడూ ఇరవైకి బాబూ. గుడిలో పాట ఎత్తుకున్నారు అప్పుటికి."

"ఏ తలుపు?"

"ఎనక తలుపే. ఎప్పుడూ అలాగే వత్తాను. పొయ్యెలిగించి, కాఫీ కాసి, ఏడూ నలబైకి గ్లాసట్టుకుని ముందుగదిలో కెళ్లినాను. అమ్మ కింద పడిపోయుంది. అరిసినాను. అంతే బాబూ, నానేటీ సేయలేదు."

"ఆ ఇరవై నిమిషాల్లో ఒక్కసారైనా ముందుగదిలోకి తొంగి చూడలేదా?"

"అది అమ్మ లైటు టైము బాబూ. మోకాళ్ల నొప్పికి ఆ లైటు ముందర కూకుని జపమాల సెప్పుకుంటాది. మజ్జిలో పిలిస్తే తిడతాది."

"ఆ వేళ లైటు వెలుగుతోందా?"

"తలుపు సందులోంచి ఎర్రగా అవుపించింది. ఇదేటి అనుకున్నాను."

"ఎందుకలా అనుకున్నావు?"

"ఇక చాలు," అంటూ స్వామి గుమ్మంలోంచి దిగొచ్చాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా ఫల్గుణా? ఇది పోలీసు కేసు. నీ చీటీ మీద డిటెక్టివ్ అని అచ్చేయించుకుంటే సరిపోదు."

"కంద తరఫునే వచ్చాను స్వామి గారూ. మంగ్లు పిలిచాడు. మీ కేసేమిటో ఒక్కసారి చెప్పండి, బాగుంటే దణ్ణం పెట్టి వెళ్లిపోతాను."

తన కేసు చెప్పమంటే స్వామికి ఎప్పుడూ ఇష్టమే. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు.

"ఏడూ ఏడుకి గుడిలో రెండో గంట కొట్టారు. ఆ టైములో పైడమ్మ అనే ముసలావిడ పూజకి వెళ్తూ ఈ కిటికీలో ఎర్ర లైటు చూసింది. అంటే టీచరమ్మ అప్పటికి నిక్షేపంగా ఉంది, లైటు వేసుకుని కూర్చుంది. అక్కణ్ణించి గుడి మెట్ల మీద పది మంది ఉన్నారు, ఈ ఇంటి వెనక తలుపుకి వెళ్లే దారి కూడా వాళ్లకి కనబడుతుంది. గంగ తప్ప ఈ ఇంట్లోకి పురుగు కూడా వెళ్లలేదని పది మందీ చెప్పారు. కొట్టింది వంటింటి పొత్రంతో. దాని మీద గంగ ముద్రలున్నాయి."

"రోజూ పచ్చడి నూరే మనిషి ముద్రలు పొత్రం మీద కాక మీ జీపు మీద ఉంటాయా? బుధవారం రాత్రి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మేనల్లుడు సైలస్. ఆవిడ తమ్ముడి కొడుకు. అరకులో లైట్ల వైద్యం సెంటరు నడుపుతాడు. గురువారం ఆరూ ముప్పై అయిదుకి బయల్దేరాడు. ఆరూ నలభైకి జంక్షన్లో టీ తాగాడు. ఏడూ రెండుకి డుంబ్రిగుడలో పెట్రోలు బంకు కెమెరాలో పడ్డాడు. లైటు వెలిగింది ఆ తర్వాత. ఇంకేం కావాలి నీకు?"

"గది కావాలి. పావుగంట."

స్వామి వాచీ చూసుకుని, దారి వదిలాడు. ఓడిపోయే మనిషిని దగ్గరుండి చూడాలని వెనకాలే వచ్చాడు కూడా.

ముందుగదిలో ఉన్నవి ఒక కుర్చీ, ఒక బల్ల, గోడ పొడుగునా పాత బడి పుస్తకాలు. కుర్చీకి ఎదురుగా స్టాండు మీద ఆ లైటు పెట్టె. మూరన్నర ఎత్తు, తెల్లటి ముఖం, వరసలు వరసలుగా గుండ్రటి బుల్లి దీపాలు. ఫల్గుణ దాన్ని ముట్టుకోకుండా ముందు నేల మీద మోకరిల్లాడు. సిమెంటు మీద సుద్దముక్కతో గీసిన గీతలు రెండున్నాయి. ఒకటి కుర్చీ కాళ్ల దగ్గర, రెండోది దానికి అడుగు దూరంలో. రెండో గీత పక్కన టీచరమ్మ గుండ్రటి దస్తూరీలో 'స్టాండు ఇక్కడ' అని రాసి ఉంది. స్టాండు మాత్రం అక్కడ లేదు. జానెడు పక్కకి జరిగి, కిటికీ వైపు తిరిగి ఉంది.

"మీవాళ్లెవరైనా జరిపారా?"

"ఫోటోలు తీశాకే లోపలికి రానిచ్చాను. ఫోటోలోనూ అలాగే ఉంది."

"అంటే గురువారం ఈ లైటు మోకాళ్ల మీద పడలేదు. కిటికీ మీద పడింది. మోకాళ్ల నొప్పి కిటికీకా స్వామి గారూ?"

ఫల్గుణ బల్ల మీది నల్ల డబ్బా తెరిచాడు. అందులో ముదురు రంగు కళ్లద్దాలు, మెత్తటి గుడ్డలో చుట్టి భద్రంగా ఉన్నాయి. ఈ లైటు ముందు కూర్చునేటప్పుడు కళ్లకి పెట్టుకోవలసినవి.

"ఇవి పెట్టుకోకుండానే కూర్చుందా?"

"ఆ రోజు మరిచిపోయుంటుంది."

"ఆవిడా? వాన పడి బడి కప్పు ఎగిరిపోయిన రోజు కూడా చెట్టు కింద హాజరు పిలిచిన మనిషి. మీరు చెప్పేది ఊళ్లో ఎవరైనా వింటే నవ్విపోతారు."

గోడవారగా ఉన్న పుస్తకాల దొంతరల వైపు తిరిగాడు. ఆరో తరగతి లెక్కలు, పాఠ ప్రణాళిక, బైబిలు క్విజ్, ఇలా అట్టల మీద పేర్లు. స్వామి వాటిని పాత కాగితాలని లెక్కలోకి తీసుకోలేదు. నాలుగో దొంతరలో ఒక కొత్త నోటుపుస్తకం ఉంది. దాని అట్ట మీద 'మోకాలు' అని రాసి ఉంది. ఫల్గుణకి నవ్వొచ్చింది. తన మోకాలికి కూడా పుస్తకం పెట్టిందన్నమాట మహాతల్లి.

మొదటి పేజీల్లో టీచరమ్మ మూడు కంపెనీల పెట్టెలకి పరీక్ష పేపర్లు దిద్దినట్టు వందకి మార్కులు వేసింది. మొదటిదానికి ముప్పై అయిదు: 'అన్ని రోగాలూ తగ్గిస్తానంటోంది. కిరణం ఏ కొలతదో అంకె రాయలేదు.' రెండోదానికి నలభై: 'అంకెలున్నాయి. కళ్లద్దాలు ఇవ్వడు. పరీక్ష చేయించిన కాగితం అడిగితే పువ్వుల బొమ్మ పంపాడు.' మూడోదానికి డెబ్బై ఎనిమిది: 'ఎర్రది ఆరువందల అరవై నానోమీటర్లు, కంటికి కనబడనిది ఎనిమిదివందల యాభై అని రాశాడు. ఎంత దూరంలో ఎంత పడుతుందో కొలిచిన కాగితం ఇచ్చాడు. నొప్పి కొంత తగ్గవచ్చు అన్నాడే గాని కొత్త మోకాలు మొలుస్తుందనలేదు. ఇదే కొంటాను.' దాని కింద డాక్టరు గారిని అడిగి రాసుకున్న ముక్క: 'నా బీపీ మాత్రలకి ఇబ్బంది లేదు. అడుగు దూరం. ఒక్కో మోకాలికి పది నిమిషాలు. ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ తగ్గదు.'

"బాగుంది," అన్నాడు స్వామి భుజం మీంచి చదువుతూ. "ఆవిడ మోకాలి గొడవకీ నా కేసుకీ ఏమిటి సంబంధం? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకు."

ఫల్గుణ ఒక్కసారి స్వామి టోపీ వైపు చూసి, గౌరవంగా చూపు తిప్పుకున్నాడు. పేజీ తిప్పాడు. తిప్పినచోటే వేలు ఆగిపోయింది.

'విభూది బుధవారం, ఉపవాస దినాలు మొదలు. ఇవాళ్టి నుంచి ఎరుపు బంద్. కనబడనిది ఒక్కటే. పైడమ్మ వినదు.'

"పైడమ్మని పిలిపించండి," అన్నాడు. "ఇప్పుడే."

పైడమ్మ గుడి పక్క సందులోనే ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, మెడలో జపమాల, చేతిలో కర్ర. పోలీసులంటే భయం లేదు, టైము వృథా అవుతుందని చిరాకు మాత్రం ఉంది.

"ఏటి నాయనా మళ్లీని? సెప్పిందే సెప్పాలా? రెండో గంట కొడతన్నప్పుడు ఎర్ర లైటు సూశాను. సిలవ గుర్తేసుకున్నాను. గుడిలో కెళ్లిపోయాను."

"ఆగవ్వా. లైటు చూసి సిలువ గుర్తు ఎందుకేసుకున్నావు?"

పైడమ్మ అతన్ని తెలివితక్కువ పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "గుళ్లో సత్ప్రసాదం ఉండీ పెట్టె దగ్గర రాత్రీ పగలూ ఎర్ర దీపం ఎలుగుద్దా? దాని ముందర వంగి సిలవ గుర్తేసుకోకుండా మాలో ఎవరైనా ఎల్తారా? డెబ్బయ్యేళ్ల అలవాటు. ఎర్ర దీపం అవుపిస్తే సెయ్యి దానంతటదే నుదిటి కెళ్లిపోద్ది. నేనొక్కదాన్నేటి, పూజకెళ్లే ఆడోళ్లందరం ఆ కిటికీకాడ ఆగి ఏసుకునీవోళ్లం."

"టీచరమ్మ ఏమనేది?"

"కోప్పడింది. పైడమ్మా, అది నా మోకాలి మందు, దేవుడు గాదు, పాపం నాకు సుట్టుకుంటాది అని. మేం ఇన్లేదు. ఇంక ఆయమ్మే ఎర్రది ఆపేసింది."

"ఎప్పుడాపింది?"

"విబూది బుదవారం నాడు. మళ్లీ మొన్న గురువారం అవుపించింది. రెండు నెల్ల తరవాత."

స్వామి ముఖం కొంచెం రంగు మారింది. "ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు లైటు సూశావా అనడిగావు, సూశానన్నాను. రోజూ సూత్తావా అనడిగితే అదీ సెప్పుదును."

ఫల్గుణ గుమ్మంలోకి వెళ్లి గంగని కేకేశాడు. "ఎర్రగా కనబడితే ఇదేటి అనుకున్నానన్నావు. ఎందుకు?"

"అమ్మ లైటు ఎలగదు బాబూ. ఎలగని లైటు ముందర కూకుంటాది. అలాగేటమ్మా అంటే, ఇందులో మంట నీ కంటికి అవుపించదే గంగా, నా మోకాలికి అవుపిస్తాది అన్నాది."

"వెలగని లైటేమిటి, పిచ్చి మాటలు," అన్నాడు స్వామి.

ఫల్గుణ చేతికి తొడుగు వేసుకుని పెట్టె వెనకాల ఉన్న చిన్న తెర దగ్గరికి వెళ్లాడు. ఎరుపు బటన్ ఆపి రెండో బటన్ నొక్కాడు. గాలి ఆడే చిన్న చప్పుడు తప్ప గదిలో ఏ మార్పూ లేదు. దీపాల మీదికి వంగి చూస్తే ఎక్కడో మిణుకుమనే ఎరుపు, అంతే. రోడ్డు మీదికి కాదు కదా, గుమ్మం దాకా కూడా ఆనదు.

"పాడైపోయింది," అన్నాడు స్వామి.

"మీ ఫోను ఇటివ్వండి. టీవీ రిమోటు పనిచేస్తోందో లేదో క్లూస్ టీములో ఇలాగే చూసేవాళ్లం." సెల్ఫీ కెమెరా తెరిచి, ఫోన్ ముఖం పెట్టె వైపు తిప్పి పట్టుకున్నాడు. తెర మీద దీపాల్లో సగం ఊదా రంగులో మండుతున్నాయి. పైడమ్మ చెయ్యి నుదుటి దాకా లేచి, ఇది ఎర్రది కాదని గుర్తొచ్చి, కిందికి దిగింది.

"ఇప్పుడు వినండి," అన్నాడు ఫల్గుణ. "రెండు నెలలుగా టీచరమ్మ వాడుతున్నది ఈ కనబడని లైటు. ఆ సంగతి గంగకి తెలుసు. పూజకెళ్లే ప్రతి ఆడమనిషికీ తెలుసు. గురువారం ఎర్రది వెలిగించినవాడికి తెలియదు. ఎర్ర లైటు వైద్యం అంటే ఎర్రగానే వెలుగుతుందనుకున్నాడు. టీచరమ్మ బతికే ఉందని రోడ్డు మీదివాళ్లు అనుకోవాలని కిటికీ వైపు తిప్పి పెట్టాడు. టీచరమ్మ ఎరుపు ఎందుకు మానేసిందో కేథలిక్కులకైతే చిటికెలో అర్థమయ్యేది. సైలస్ ఏ సంఘం?"

"వాళ్లమ్మ తరఫు బాప్టిస్టు సంఘం," అంది పైడమ్మ. "ఆళ్ల గుళ్లో ఎర్ర దీపం ఉండదు."

"అయ్యా!" స్వామి రెండు చేతులూ ఎత్తాడు. "పైడమ్మ లైటు చూసింది ఏడూ ఏడుకి. సైలస్ బంకు కెమెరాలో పడింది ఏడూ రెండుకి, ఎనిమిది కిలోమీటర్ల అవతల. అక్కణ్ణించి ఊదితే వెలిగిందా?"

"ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను." ఫల్గుణ పెట్టె వెనకాల గడియారం బొమ్మ ఉన్న బటన్ చూపించాడు. "టీచరమ్మ వాడని మిగతా బటన్ల మీద పల్చగా దుమ్ముంది. దీని మీద లేదు. తుడిచేశారు. తుడిచినవాడు దీన్ని నొక్కి చూస్తే ఏమొస్తుందో మాత్రం మరిచిపోయాడు."

తొడుగు వేలితో నొక్కాడు. బుల్లి తెర మీద అంకెలొచ్చాయి. గురువారం, ఏడూ అయిదు. ఎరుపు, పూర్తి వెలుగు. ఇరవై నిమిషాలు.

"పొద్దున్నే దానంతటదే వెలిగి మనిషిని లేపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఏడూ అయిదుకి వెలిగింది. ఏడూ ఏడుకి పైడమ్మ చూసింది. ఏడూ ఇరవైకి గంగ తలుపు సందులో చూసింది. ఏడూ ఇరవై అయిదుకి ఆరిపోయింది. అప్పటికి టీచరమ్మ కింద పడి ముప్పావుగంట దాటింది. ఈ బటన్ సంగతి ఎవరికి తెలుస్తుంది స్వామి గారూ? పొయ్యి ఊదుకునే గంగకా, రోజూ ఇలాంటి పెట్టెలు అమ్మేవాడికా?"

స్వామి మొండివాడే గాని దొంగ కాదు. అతని కళ్లు తెర మీద అంకెల్ని రెండుసార్లు చదివాయి.

"కారణం?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఫల్గుణ నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి అతని చేతికిచ్చాడు. బుధవారం తారీఖు వేసి ఉంది.

'సైలస్ సెంటరుకి వెళ్లి ఫోనుతో చూశాను. వాడి పెట్టెల్లో కనబడని లైటు ఒక్కటీ లేదు, ఉత్త ఎర్ర బల్బులు. అవి చూపించి మన ఊరి సుక్రు కూతురికి సికిల్ సెల్ రక్తజబ్బు మాత్రలు మానిపించాడు. పిల్ల మంచం పట్టింది. తప్పు ఒప్పుకుని దిద్దుకొమ్మని వాడికి ఒక్క రాత్రి టైమిచ్చాను. రేపు డాక్టరు గారికి చెప్తాను.'

ఆ ఒక్క రాత్రే ఆవిడ చేసిన పొరపాటు. బడిలో కూడా అంతే, దండించే ముందు ఒక అవకాశం ఇచ్చేది. ఆ అవకాశాన్ని ఆ వెధవ ఇలా వాడుకున్నాడు.

స్వామి పుస్తకం మూసి, బయటికి నడిచి, గంగ చేతి తాడు తనే విప్పాడు. క్షమించమని అనలేదు. కానిస్టేబుల్ని మంచినీళ్లు తెమ్మన్నాడు. గంగ నీళ్లు తాగలేదు. "అమ్మకెలాగుంది బాబూ?" అని అడిగింది.

ఆ మాటకి స్వామి ముఖం పాలిపోయింది. అది ఫల్గుణ చూశాడు.

"ఏం జరిగింది?"

"ఇందాక పదింటికి సైలస్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. గురువారం నుంచీ అక్కడ ఆవిడ దగ్గరున్నది వాడే కదా. పొద్దున్న కళ్లు తెరిచిందట. మాట ఇంకా రాలేదట. ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటాను, పోలీసు కేసు కాబట్టి మీకు అభ్యంతరం లేదని ఆసుపత్రి వాళ్లతో అనండి అన్నాడు."

"మీరేమన్నారు?"

స్వామి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అభ్యంతరం లేదన్నాను."

ఫల్గుణ వాచీ చూసుకున్నాడు. పదకొండూ ముప్పై రెండు. స్వామి ఫోన్లో ఆసుపత్రి నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల ఐసీయూ నర్సు డాలీ పలికింది.

"కృపావతి గారా సార్? పదింబావుకి డిశ్చార్జి అయిపోయారు. డాక్టరు గారు వద్దని గట్టిగా చెప్పారు. అయినా మేనల్లుడు గారు మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి, ప్రైవేటు ఆంబులెన్సులో ఎక్కించారు. అరకులో తన లైట్ల సెంటర్లో వైద్యం చేస్తానన్నారు."

పదింబావు నుంచి గంటా పదిహేడు నిమిషాలు. బండి ఈ పాటికి శృంగవరపుకోట దగ్గర్లో ఉంటుంది. అక్కడ దాటితే ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ లోయ. స్వామి అప్పటికే జీపు దగ్గరికి పరుగెత్తి, బండిని ఘాట్ ఎక్కకముందే ఆపించడానికి వైర్‌లెస్ అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఫల్గుణ చెప్పకముందే సరైన పని చేస్తున్నాడు. ఫల్గుణ కూడా జీపు ఎక్కుతూ ఫోన్లో అడిగాడు.

"వెళ్లేటప్పుడు ఆవిడకి స్పృహ ఉందామ్మా?"

"ఉంది సార్. స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. మందుల మత్తు అన్నారు ఆయన. నేనే వేళ్లు విడదీశాను."

"ఆంబులెన్సు వెనకాల ఆవిడతో ఎవరున్నారు?"

"ఆయనొక్కరే సార్."